మేస్త్రీ ఏమీ అనలేదు

నా దగ్గర ఒక అబద్ధాల స్కేలు ఉండేది. దాని మీద మీటరు అని చెక్కి ఉంటుంది. మామూలు టేపు పెట్టి కొలిస్తే మాత్రం మీటరు మీద పాతిక మిల్లీమీటర్లు ఎక్కువ వస్తుంది. తయారుచేసినవాడు తాగి చేసింది కాదు. కావాలనే అలా చేస్తారు. కరిగించిన ఉక్కు చల్లారితే ముడుచుకుంటుంది. అందుకని పోత పోయడానికి ముందు చెక్కతో చేసే నమూనా, మా భాషలో ప్యాటర్ను, ఆ ముడత మేరకు పెద్దదిగా ఉండాలి. ప్రతి కొలతకీ కూర్చుని లెక్కలు వేసుకోకుండా మా వృత్తివాళ్ళకి ఈ సాగదీసిన స్కేలు. నాది మాంగనీసు ఉక్కు పోతలకి పనికొచ్చేది. నాకు పని నేర్పిన ఉస్తాద్ ఇచ్చాడు. ఇస్తూ, ఎవడికీ చూపించకు, చూపించిన రోజున నీ కూడు పోతుంది అన్నాడు. ముప్పై ఏళ్ళు ఆ మాట నిలబెట్టుకున్నాను. ఎంత దిక్కుమాలిన మాటో ఇప్పుడు చెబుతాను.

ఉద్యోగం వదిలినవాళ్ళు రాసుకునే జ్ఞాపకాలు నేనూ చదువుతుంటాను. అబ్బో, అందరూ మహానుభావులే. ఒకాయన ఆగిన ఫర్నేసుని చేత్తో తట్టి నడిపిస్తాడు, ఇంకొకాయన లంచం ఇవ్వబోయినవాడిని తన చూపుతోనే కాల్చేస్తాడు. తప్పు చేసినవాళ్ళెవరూ రిటైరు అవ్వలేదు కాబోలు. నేను అయ్యాను. భిలాయి పారిశ్రామికవాడలో ముప్పై నలుగురు పనిచేసే ఒక చిన్న ఫౌండ్రీ మూతపడటంలో నాకు వాటా ఉంది. నా ఒక్కడిదే కాదు లెండి, ఇంకొంతమంది పెద్దమనుషులు కూడా చెయ్యి వేశారు. వాళ్ళ సంగతి కూడా వదలను.

ఆ ఫౌండ్రీ పెట్టినాయన స్టీలు ప్లాంటులో ఆఫీసరుగా చేసి బయటికొచ్చిన విజయనగరం ఆయన. మా నాన్న కూడా ఆ చుట్టుపక్కల ఊరి నుంచే వచ్చి ఇక్కడ ఖలాసీగా చేరాడు. సెక్టర్ 7లో వాళ్ళది పెద్ద క్వార్టరు, రెండు వీధుల అవతల మాది చిన్నది. మా ఇద్దరికీ అంతకంటే చుట్టరికం లేదు. అయినా ఆయన కూతురు నన్ను చిన్నప్పటి నుంచీ మావయ్యా అనే పిలిచేది. స్కూలుకి సెలవు ఉంటే ఫౌండ్రీకి వచ్చి, నా రంపపు పొట్టులో కూర్చుని, చెక్కముక్కలతో ఇళ్ళు కట్టేది.

నా పని ప్యాటర్న్లు చెయ్యడం ఒక్కటే కాదు. ప్యాటర్నుని పెట్టెలో పెట్టి, చుట్టూ ఇసుక దట్టించి, దాన్ని బయటికి తీస్తే మిగిలే అచ్చులో ఉక్కు పోస్తారు. ఇసుక దట్టించే ముందు ప్యాటర్ను పెట్టెలో సరిగా కూర్చుందా, మొదటి పోత సరిగా వచ్చిందా అని చూసి పాస్ చెయ్యడం కూడా నాదే. పాస్ చెయ్యడం అంటే సంతకాలూ స్టాంపులూ ఊహించుకోకండి. వెళ్ళి నిలబడేవాడిని. బాగోలేకపోతే తిట్టేవాడిని. నా తిట్లు పక్క షెడ్డుకి కూడా వినిపించేవి. బాగుంటే ఏమీ అనకుండా, వక్కపలుకు నోట్లో వేసుకుని వెళ్ళిపోయేవాడిని. అంతే. బాగుందని నోరు తెరిచి ఒక్కసారి అన్న పాపాన పోలేదు. "మిస్త్రీ కుచ్ నహీ బోలా" అని ఎవరో ఒకరు అరిచేవాళ్ళు. మేస్త్రీ ఏమీ అనలేదు, అంటే ఉక్కు పొయ్యొచ్చు. ముప్పై ఏళ్ళు ఆ ఫౌండ్రీ అలాగే నడిచింది. అదేదో నా గొప్ప అనుకుని మీసం తిప్పుకునేవాడిని.

లాక్‌డౌన్ అయ్యాక వచ్చిన ఏళ్ళలో మా వాడ పరిస్థితి చూడాలి. పెద్ద కంపెనీలు కొత్త ఆర్డర్లు ఆపేశాయి. ఇనుప తుక్కు ధర కొండెక్కింది. ఒరిస్సా, బీహార్ పనివాళ్ళు ఊళ్ళకి పోయినవాళ్ళు పోయినట్టే ఉన్నారు. మా పక్క షెడ్డు టైల్సు గోడౌను అయింది. ఎదురుగా గేర్లు కోసే వర్క్‌షాపు కాస్తా పెళ్ళిళ్ళ హాలు అయింది. లేత్ మిషన్లు ఉన్న చోట మండపం కట్టారు. ఆ గొడవలోనే మా పెద్దాయన మంచం పట్టాడు, మాట పడిపోయింది. కూతురు పుణేలో ఉద్యోగం మానేసి వచ్చి ఆఫీసు కుర్చీలో కూర్చుంది. కష్టపడే పిల్ల. నేను ఎంత కారాలూ మిరియాలూ నూరినా ఆ మాట మాత్రం కాదనను.

చిన్న పరిశ్రమలు చచ్చిపోతుంటే వాటిని బతికించడానికి ఏం చేశారో తెలుసా? సదస్సు పెట్టారు. ఏసీ హోటల్లో. "మావయ్యా, మీరు కూడా రండి, కుచ్ నయా సీఖ్‌నే కో మిలేగా, కొత్త సంగతులు తెలుస్తాయి" అని ఆ పిల్ల నన్ను కూడా తీసుకెళ్ళింది. వేదిక మీద ఉన్నవాళ్ళలో ఒక్కడికైనా చేతికి మసి అంటిన దాఖలా లేదు. వాళ్ళ మెడల్లో బంతిపూల దండలు. గోడ మీద బొమ్మల్లో బాణం గుర్తులన్నీ పైకే పోతున్నాయి. సంక్షోభంలోనే అవకాశం ఉందని ఒకాయన ముప్పావు గంట చెప్పాడు. నా పక్కన కూర్చున్నాయన తన షెడ్డుకి తాళం వేసి ఆరు నెలలైందట. "పనీర్ అచ్ఛా హై, తిని వెళ్ళండి" అని నా చెవిలో అన్నాడు. ఆ రోజంతటికీ పనికొచ్చిన సలహా అదొక్కటే.

అక్కడే దొరికాడు మన సలహాదారు. రాయ్‌పూర్ మనిషి. సన్నటి లాప్‌టాప్, అంతకన్నా సన్నటి నవ్వు. మూలపడ్డ యూనిట్లని లేపి నిలబెడతానని ఊరంతా తిరుగుతున్నాడు. వారం తిరక్కుండా మా ఫౌండ్రీకి వచ్చాడు. ప్యాటర్న్లు పెట్టుకునే అద్దె షెడ్డులోకి తీసుకెళ్ళాం. నేల నుంచి కప్పు దాకా టేకు ప్యాటర్న్లు. ఎర్ర రంగువి, పసుపు రంగువి, నల్లచారలవి. గేర్లు, పుల్లీలు, క్రషర్ దవడలు. నా ముప్పై ఏళ్ళ చేతిపని అంతా అక్కడే ఉంది.

"యే సబ్ డెడ్ స్టాక్ హై మేడమ్," అన్నాడు వాడు. ముక్కుకి కర్చీఫు అడ్డం పెట్టుకున్నాడు. "కొలతలు తీసి కంప్యూటర్లో పెట్టేద్దాం. చెక్కలు అమ్మేద్దాం. షెడ్డు అద్దె మిగులుతుంది. కావలసినప్పుడు ప్లాస్టిక్ ప్యాటర్ను మిషన్ మీద రెండు రోజుల్లో వస్తుంది."

తరవాత నా వైపు చూశాడు. "ఔర్ అంకుల్‌జీ తో ఖుద్ హెరిటేజ్ హైఁ. ఇన్‌కో మ్యూజియం మే రఖేంగే."

అందరూ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది. పెద్ద నవ్వేం కాదు, మర్యాదకి పెదవులు కదిపిందంతే. కానీ నా ఒళ్ళు భగ్గున మండింది. నా రంపపు పొట్టులో ఆడుకున్న పిల్ల, నన్ను మ్యూజియంలో పెడతానంటే నవ్వుతుందా? ఆ క్షణంలో నేనొక నిర్ణయం తీసుకున్నాను. నోరు మూసుకోవాలని.

కొలతలు తీయడానికి ఇద్దరు ఇంజనీర్లు వచ్చారు. ఒకడు మన తెలుగువాళ్ళబ్బాయే, భిలాయిలోనే పుట్టి పెరిగాడు. తెలుగు కంటే హిందీ బాగా వచ్చు. నాలుగు రోజులు మామూలు టేపుతో, మామూలు స్కేలుతో కొలిచి కంప్యూటర్లో ఎక్కించారు. నేను మూల స్టూలు మీద కూర్చుని చూశాను. ప్యాటర్ను కొలతని వస్తువు కొలత కింద రాస్తున్నారు. అంటే ముడతకి వదిలిన అదనం కూడా అందులో కలిసిపోయింది. రేపు మిషన్ మీద కొత్త ప్యాటర్ను చేసేటప్పుడు కంప్యూటర్ ఆ అదనాన్ని మళ్ళీ ఇంకోసారి కలుపుతుంది. మీటరు పొడుగు రావలసిన పోత పాతిక మిల్లీమీటర్లు ఎక్కువ వస్తుంది. నాకు మొదటి గంటలోనే అర్థమైపోయింది. నా స్కేలు స్టూలు కింద పెట్టెలో తాళం వేసి ఉంది.

చివరి రోజున ఆ తెలుగబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. మర్యాద ఉన్నవాడే. "అంకుల్, దీన్లో మాకి తెలీంది ఇంకా కుచ్ హై క్యా? బతానా హై తో చెప్పండి," అన్నాడు.

"ఏటుంటాది బాబూ? అన్నీ కర్రలే కదా," అన్నాను.

వాడు థాంక్యూ చెప్పి వెళ్ళాడు. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అన్నం కూడా ఎక్కువ తిన్నాను ఆ పూట.

ప్యాటర్న్లని ఉతై రోడ్డులో ఉన్న ఒక ధాబావాడు కొనుక్కున్నాడు. ట్రాక్టరులో వేసుకుపోయాడు. పది రోజుల తరవాత ఆ దారిన పోతూ ఆగితే, పప్పు గుండిగ కింద నేను పదిహేను రోజులు కూర్చుని చేసిన గేరు కాలుతోంది. పళ్ళు ఒక్కొక్కటీ నల్లబడుతున్నాయి. టేకు మంట బాగా నిలుస్తుందని ధాబావాడు మెచ్చుకున్నాడు. చాయ్ తాగమన్నాడు. థూ అని ఉమ్మేసి వచ్చేశాను.

ఆ తరవాత నెలకే ఆర్డరు వచ్చింది. రెండేళ్ళలో అంత పెద్ద ఆర్డరు రాలేదు. ఒక సిమెంటు ఫ్యాక్టరీలో సున్నపురాయి నలిపే యంత్రం లోపల తొడిగే ప్లేట్లు, అరవై. మాంగనీసు ఉక్కు, మీటరు పొడుగు. వాళ్ళు యంత్రం ఆపి మరమ్మతు చేసే రోజులు ముందే ఖాయమైపోయాయి. ఆ లోపల అందించాలి. ఇది బాగా చేస్తే ఏడాది పొడుగునా పని ఇస్తామన్నారు. చెయ్యలేకపోతే ఇక ఫౌండ్రీ నడిపే మార్గం లేదని ఆ పిల్ల అందరినీ కూర్చోబెట్టి దాపరికం లేకుండా చెప్పింది. ముప్పై నలుగురికీ ఇంటికి పోవడమా, ఉండడమా అన్నది ఈ ప్లేట్ల మీదే ఉంది.

ఆ ప్లేటు ప్యాటర్ను నేను ఏనాడో చేశాను. అది ధాబాలో బూడిదైంది. రాయ్‌పూర్ నుంచి తెల్లటి ప్లాస్టిక్ ప్యాటర్ను వచ్చింది. సలహాదారు దానికి కొబ్బరికాయ కొట్టి, పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు.

ఇక్కడ మా దీదీ గురించి చెప్పాలి. పెట్టెలో ప్యాటర్ను పెట్టి చుట్టూ ఇసుక దట్టించే పనిలో మా దగ్గర ఆమెని మించినవాళ్ళు లేరు. ఛత్తీస్‌గఢీ మనిషి, ఉతై నుంచి తెల్లారకుండా బయల్దేరి వచ్చేది. నా కంటే పదేళ్ళు చిన్నదైనా అందరూ దీదీ అంటే నేనూ అలాగే అనేవాడిని. ఆమెకి చదువు రాదు, టేపు అక్కర్లేదు. ప్యాటర్నుకీ పెట్టె గోడకీ మధ్య ఎంత సందు ఉందో వేళ్ళు పెట్టి చూసుకునేది. ఏ ప్యాటర్నుకి ఎన్ని వేళ్ళు పట్టాలో ఆమెకి కంఠతా వచ్చు.

ఆ ఉదయం కొత్త ప్యాటర్నుని పాత పెట్టెలోనే పెట్టారు. దీదీ వేళ్ళు పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. అవతలి వైపు వెళ్ళి అక్కడా పెట్టింది. "మిస్త్రీ భయ్యా, జరా దేఖ్ తో," అని పిలిచింది నన్ను. "ఈ ప్లేటుకి ఎప్పుడూ నాలుగు వేళ్ళు పట్టేవి. ఇవాళ చిటికెన వేలు బయటే ఉండిపోతోంది. రెండు వైపులా అంతే. కుచ్ గడ్‌బడ్ హై."

చిటికెన వేలు. ఒక్కో వైపు సరిగ్గా అంతే తేడా వస్తుందని నేను మనసులో వేసిన లెక్క కూడా. టేపు లేకుండా, కంప్యూటర్ లేకుండా, ఆమె వేలితో పట్టేసింది. నేను వెళ్ళి పెట్టె పక్కన నిలబడ్డాను. చెప్పడానికి ఎంత సేపు? ఒక్క మాట.

"నన్నెందుకు అడుగుతావు? పోయి కంప్యూటర్ సే పూఛో, దాన్నే అడుగు," అన్నాను.

దీదీ నా మొహంలోకి చూసింది. అప్పుడే ఆ పిల్ల ఆఫీసులోంచి పరుగున వచ్చింది. రెండు రోజులుగా నిద్రలేక కళ్ళు గుంటలు పడ్డాయి. "మావయ్యా, చూశారా? పొయ్యమంటారా?" అంది.

నేను ఆమె వైపు చూడలేదు. వక్కపలుకు నోట్లో వేసుకుని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాను. అది నా అలక. ఒక్క ప్లేటు పోస్తారు, చల్లారాక కొలుస్తారు, గుండె గుభేలుమంటుంది, మావయ్యా అంటూ నా ఇంటికి పరుగెత్తుకొస్తారు, అప్పుడు పెట్టె తాళం తీసి స్కేలు బల్ల మీద పెడతాను అని నా లెక్క. వాడి మొహం ఎలా మాడిపోతుందో ఊహించుకుంటూ మూడు రోజులు సెలవు పెట్టి మరోదాలో మా ఇంట్లో కూర్చున్నాను.

నా వెనక ఎవరో అరిచారట. "మిస్త్రీ కుచ్ నహీ బోలా!"

మూడు రోజులూ ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాను. మోగితే రెండు సార్లు మోగనిచ్చి ఎత్తుదామని కూడా అనుకున్నాను. మోగితే కదా! మా ఆవిడ అటూ ఇటూ తిరుగుతూ చూసింది. "ఏటండీ, ఆ ఫోనుని అలా సూస్తన్నారు? గుడ్డు పెడతాదేటి అది?" అంది. 

నాలుగో రోజు వెళ్ళాను. గేటు దాటగానే ఆగిపోయాను. నలుపు మీద నీలం తేలుతూ ప్లేట్లు వరసలుగా పేర్చి ఉన్నాయి. పది కాదు, ఇరవై కాదు. అరవై. రాత్రీ పగలూ ఆపకుండా పోశారు. దీదీ గోడకి ఆనుకుని కూర్చున్న చోటే నిద్రపోతోంది. ఆ పిల్ల ఎదురొచ్చి నవ్వింది. "హో గయా మావయ్యా! అరవై అయిపోయాయి!"

టేపు తీసి ఒక ప్లేటు మీద పరిచాను. మీటరు మీద పాతిక మిల్లీమీటర్లు. రెండోది. మూడోది. అన్నీ అంతే. బోల్టులు పట్టే రంధ్రాలు కూడా ఆ లెక్కనే దూరం జరిగాయి. మాంగనీసు ఉక్కుకి ఒక మొండితనం ఉంది. కొట్టే కొద్దీ గట్టిపడుతుంది. కొయ్యడానికి, తొలవడానికి లొంగదు. పోత ఎలా వచ్చిందో అలా వాడుకోవాలి, లేకపోతే తుక్కు.

చెప్పాను. మొదట ఆ పిల్లకి అర్థం కాలేదు. అర్థమయ్యాక సలహాదారుకి ఫోను చేసింది. వాడు తడుముకోలేదు కూడా. ఇసుక వదులుగా దట్టించి ఉంటారు, వేడికి అచ్చు గోడలు వెనక్కి జరిగి పోత ఉబ్బింది, పనివాళ్ళ తప్పు అన్నాడు. నిజానికి అలా కూడా జరుగుతుంది. కానీ అరవై ప్లేట్లూ ఒకే కొలత ఉబ్బుతాయా? వాడికి ఆ మాత్రం ఆలోచన ఉంటే సలహాలు అమ్ముకుని ఎందుకు బతుకుతాడు?

నేను పెట్టె తెరిచి స్కేలు తెచ్చి ఆఫీసు బల్ల మీద పెట్టాను. మూడు రోజులు కలగన్న ఘట్టం అదే. ఎలా ఉందో అడక్కండి. ఆ పిల్ల స్కేలు పక్కన టేపు పరిచి తేడా చూసుకుంది. 

"ఇది ఎప్పణ్ణుంచి ఉంది మీ దగ్గర?"

"నువ్వు పుట్టకముందు నుంచీ."

"కొలతలు తీసినవాళ్ళకి ఎందుకు చెప్పలేదు?"

"ఆళ్ళు అడగలేదమ్మా," అన్నాను. అబద్ధం. నా స్కేలు కంటే పెద్ద అబద్ధం.

"కానీ ఆ రోజు మీరు అక్కడే నిలబడ్డారు కదా మావయ్యా," అంది. గొంతు పెంచలేదు. "నేను అడిగాను. మీరేమీ అనలేదు. మేస్త్రీ తిట్టకపోతే కళ్ళు మూసుకుని పోసెయ్యమ్మా అని మాట పడిపోకముందు నాన్న చెప్పారు నాకు. అందుకే పోసేశాను."

సలహాదారు అడిగితే వాడిని చీల్చి చెండాడేవాడిని. ఆ పిల్లకి ఏం చెప్పను? వక్కపలుకు నోట్లో వేసుకోవడం తప్ప ఇంకేమీ రాని వెధవని. ఆ రోజు అది కూడా లేదు జేబులో.

రెండు ప్లేట్లు పట్టుకుని సిమెంటు ఫ్యాక్టరీకి వెళ్ళాం. అక్కడి ఇంజనీరు ఒకటి ఎత్తి పెట్టించాడు, దించించాడు, మా వైపు చూడకుండానే, ప్లేట్లు సిద్ధంగా ఉన్న వేరే ఫౌండ్రీకి ఫోను కలిపాడు. కొత్త ప్యాటర్ను నేను చేస్తానని బతిమాలాను. రెండు రాత్రులు చాలన్నాను. మళ్ళీ అరవై పోసే రోజులు వాళ్ళ దగ్గర లేవు. రెండు నెలల్లో ఫౌండ్రీ మూసేశారు. ఆ షెడ్డులో ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలు అమ్ముతున్నారు. ఆ పిల్ల నా స్కేలు సంగతి ఎవరితోనూ అనకుండా, వాళ్ళ నాన్నని తీసుకుని పుణే వెళ్ళిపోయింది. సలహాదారు ఇంకా సదస్సుల్లో దండలు వేయించుకుంటూనే ఉన్నాడు. మా ఫౌండ్రీ మీద వాడు రాసిన రిపోర్టు నాకు ఒకరు చూపించారు. పనివాళ్ళలో నైపుణ్యం లేక, ఇసుక సరిగా దట్టించక ఆర్డరు పోయిందని రాశాడు. ఆ కాగితం మా వాడలో చాలా చేతులు మారింది. నేను చదివి, బూతులు తిట్టి, మడిచి ఇచ్చేశాను. అది తప్పని చెప్పాలంటే నేను చేసింది కూడా చెప్పాలి కదా.

ఏడాదిన్నర తరవాత ఉతై బజారులో దీదీ కనిపించింది. కూరల దుకాణం పెట్టుకుంది. ఎర్ర తోటకూర కట్టలు కడుతోంది, ఒక్కో కట్టా పిడికిట్లో పట్టి చూసుకుని. నన్ను చూసి లేచి స్టూలు వేసింది, చాయ్ తెప్పించింది. ఇక్కడేం చేస్తున్నావు, నీ చెయ్యి ఉన్న మనిషిని ఏ ఫౌండ్రీ అయినా కళ్ళకద్దుకుంటుంది కదా అన్నాను.

"రెండు చోట్లకి పోయాను భయ్యా. పేరు చెప్పగానే, నువ్వేనా అరవై ప్లేట్లు ఉబ్బించింది అన్నారు. పంపేశారు." ఆమె కట్ట కడుతూనే ఉంది. "గలత్ భీ నహీ కహా, వాళ్ళన్నదీ తప్పు కాదు. నిద్ర లేదు కదా ఆ మూడు రోజులూ. నా చెయ్యే సడలి ఉంటుంది. మా ఆయనకి కూడా అదే చెప్పాను. నా వల్లే ముప్పై ఇళ్ళల్లో పొయ్యి ఆరిపోయిందని."

చాయ్ గ్లాసు చేతిలో ఉంది. తాగలేను, కింద పెట్టలేను. అప్పుడు చెప్పాను. మొదటి నుంచీ, ఏదీ దాచకుండా. స్కేలు సంగతి, ఆ ఇంజనీరబ్బాయి అడగడం, నేను కర్రలే కదా అనడం, ఆమె వేలు పెట్టి చూపించినప్పుడు నాకు అంతా తెలిసి ఉండటం.

దీదీ కట్ట కట్టడం ఆపింది. కుడిచేతి చిటికెన వేలు పైకి ఎత్తి చూసుకుంది.

"తో మేరీ ఉంగలీ సహీ థీ," అంది. నా వేలు తప్పు చెప్పలేదన్నమాట. ఇంకోసారి కూడా అదే మాట అంది.

తరవాత చేతులు దులుపుకుని లేచింది. పక్క దుకాణాలవాళ్ళు తిరిగి చూసేంత గొంతుతో అంది. "నాకు చెబితే ఏం లాభం? చలో. నన్ను పంపేసిన చోట చెప్పు. ఆ స్కేలు కూడా పట్టుకురా."

మర్నాడు ఇద్దరం వెళ్ళాం. మొదటి ఫౌండ్రీకి తాళం వేసి ఉంది, గేటుకి గోడౌను అద్దెకివ్వబడును అన్న బోర్డు. రెండోది నడుస్తోంది. యజమాని నన్ను ఎరిగినవాడే. ఒకప్పుడు నన్ను తన దగ్గరికి రమ్మని కబురంపిన మనిషి. గేటు దగ్గరే నిలబడి అంతా చెప్పాను.  నేను నసిగిన చోటల్లా దీదీ మోచేత్తో పొడిచింది. ఆయన స్కేలు తీసుకుని తన టేపు పక్కన పరిచి చూసుకున్నాడు. పనివాళ్ళు నలుగురైదుగురు చుట్టూ చేరారు. ఈ స్కేలుని అంతమంది చూడటం అదే మొదటిసారి.

"దీదీ, కల్ సే ఆ జానా, రేపటి నుంచి పనిలోకి వచ్చెయ్," అన్నాడాయన. స్కేలు ఆమె చేతిలో పెట్టాడు. "ఇది లోపల గోడకి తగిలించు. అందరికీ కనబడేలా."

తరవాత నా వైపు తిరిగాడు. "మిస్త్రీజీ, ఆప్ ఇస్ గేట్ పే మత్ ఆనా. ఇంకెప్పుడూ రావద్దు."

దీదీ ఆ పూటే పని చూసుకుంటానని లోపలికి వెళ్ళింది. నేను ఆటో కోసం రోడ్డు దాకా ఒక్కణ్ణే నడిచాను.